మూత తిరిగే కంప్యూటరూ మా మిస్సూ

"మీ మిస్ పోయిందప్పా. పొద్దున కాఫీ తాగింది, పేపర్ చదివింది, అట్లనే కుర్చీలో పోయింది. నువ్వు రా. మెల్లగా రా, ట్రాఫిక్ ఉంటాది" అని మిస్ భర్త, పెద్దాయన, ఫోన్ చేసినప్పుడు నేను బెంగుళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ కింద కారు తుడుస్తున్నాను. ఆ తడిగుడ్డ చేతిలో పట్టుకునే పైకి వెళ్ళి, మా ఆవిడకు విషయం చెప్పి, అప్పుడు గానీ గుడ్డ పక్కన పెట్టలేదు.

చామరాజపేటలో ఆ ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు చెప్పులకు చోటు లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. కొందరికి జుట్టు నెరిసింది. ఎవరికి వాళ్ళు తమకు పడిన తిట్లు చెప్పుకుంటున్నారు, నవ్వుతున్నారు, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను ఆమె శిష్యుణ్ణి కాను. వాళ్ళింటి మేడమీద గదిలో అద్దెకున్నవాణ్ణి. అందుకే నాకు ఆమె పేరు తలచుకుంటే లెక్కలు గుర్తురావు, ఒక వాదన గుర్తొస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ మంచిదా, మూత తిరిగి పలకలాగా మారే కంప్యూటర్ మంచిదా అని ఆ ఇంటి హాల్లో భార్యాభర్తలు పెట్టుకున్న వాదన. అలాంటి వాదన నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

హిందూపురం నుంచి ఉద్యోగానికి బెంగుళూరు వచ్చిన కొత్తలో, తొంభైలలో, ఆ గదిలో దిగాను. ఆ వీధిలో అందరూ ఆమెను మిస్ అనే పిలిచేవాళ్ళు. కూరగాయలమ్మే మనిషి మిస్ అనేవాడు, గుడి పూజారి మిస్ అనేవాడు. చివరికి ఆమె భర్త కూడా మూడో మనిషితో మాట్లాడేటప్పుడు "మీ మిస్" అనే అనేవారు. వాళ్ళది తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ, పాఠానికి రెండూ.

ముందు హాల్లో గోడకు ఒక నల్లబల్ల ఉండేది. సాయంత్రం అయ్యేసరికి చాపల మీద పదో తరగతి పిల్లలు కిక్కిరిసిపోయేవాళ్ళు. మిస్ పొట్టి మనిషి. బల్ల పైభాగం అందడానికి చిన్న పీట ఎక్కి రాసేది. చాక్‌పీస్ వాడనప్పుడు కొప్పులో గుచ్చుకునేది. సాయంత్రానికి ఆమె జుట్టు మీద తెల్లటి పొడి రాలి ఉండేది. ఆమె గొంతు మాత్రం ఆ ఒంటికి సరిపోయేది కాదు. బల్ల వైపు తిరిగి రాస్తూనే, వెనక్కి చూడకుండానే, "కిటికీ దగ్గర కూర్చున్నోడా, నీ రబ్బరు తీసి బయట పారెయ్యి" అని ఆమె అంటే మేడమీద చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న నేను కూడా ఉలిక్కిపడేవాణ్ణి.

రబ్బరంటే ఆమెకు పడదు. ఆమె క్లాసులో తప్పు చేసినవాణ్ణి ఏమీ అనేది కాదు, తప్పును తుడిచినవాణ్ణి మాత్రం నిలబెట్టేది. "ఒక గీత గీసి కొట్టెయ్యి, తుడపొద్దు. ఏడ తప్పినావో నాకు కనపడాల, నీకూ కనపడాల" అనేది. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అనేదో. శిష్యుణ్ణి కాకపోయినా నాకు కూడా పట్టుకుంది. ఆఫీసులో కాగితం మీద ఏదైనా లెక్క తప్పితే ఇప్పటికీ కొట్టేస్తాను, చింపను.

పిల్లలు వెళ్ళిపోయాక రెండో ప్రదర్శన మొదలయ్యేది. పెద్దాయన మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మిస్‌కు సొంత మేనమామ కొడుకు. ఒకే వీధిలో కొట్టుకుంటూ పెరిగారు. అందుకే ఆమె ఆయన్ని "బావా" అనీ "నువ్వు" అనీ పిలిచేది. పిల్లలు లేరు. సాయంత్రం కాఫీ గ్లాసులు పట్టుకుని వాళ్ళిద్దరూ ఏదో ఒకదాని మీద వాదించుకునేవాళ్ళు. దోసె పల్చగా ఉండాలా, మందంగా ఉండాలా. మెజెస్టిక్ బస్టాండ్ మీదుగా పోతే త్వరగా చేరతామా, మార్కెట్ మీదుగానా. ఇత్తడి ఫిల్టరా, స్టీలు ఫిల్టరా. వాదన ముదిరితే ఆమె మెట్ల దగ్గరికొచ్చి, "ఏమప్పా, కిందికి రా. నువ్వు చెప్పు" అని నన్ను పిలిచేది. నేను దిగివెళ్ళి తీర్పు చెప్పేవాణ్ణి. నా తీర్పు ఇద్దరికీ నచ్చేది కాదు.

పెద్దాయన మాట్లాడేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వంచి వినేది. మధ్యలో అడ్డు తగిలేది కాదు. ఆయన పూర్తిచేశాక కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఆయెనా? ఇప్పుడు విను" అని మొదలుపెట్టేది. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. "నువ్వు గట్టిగా అరిస్తే నేను ఓడిపోయినట్లా?" అనేవారు. ఒక్కరోజు కూడా ఒప్పుకునేవారు కాదు. ఆమె కూడా ఒప్పుకునేది కాదు. రేపు మళ్ళీ అక్కడి నుంచే మొదలు. పెళ్ళికాని రోజుల్లో నాకు అది గలాటాలా అనిపించేది. పెళ్ళయ్యాక తెలిసింది, అంత శ్రద్ధగా ఒకరి మాట ఒకరు వినే మొగుడూపెళ్ళాలు ఎంత తక్కువమంది ఉంటారో.

నాకు పెళ్ళై, ఆఫీసు బ్రూక్‌ఫీల్డ్‌కు మారి, నేను అటు వెళ్ళిపోయాను. వీలైన ఆదివారం వచ్చి చూసిపోయేవాణ్ణి. రెండువేలు దాటిన కొన్నేళ్ళకు ఆమెకు గొంతు దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ తప్పదన్నారు. గొంతును ఆడించే నరం దెబ్బతినే ప్రమాదం ఉంటుందని డాక్టర్లు ముందే చెప్పారు. అదే జరిగింది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. మిగిలింది గాలి లాంటి గుసగుస మాత్రమే. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టాలి అన్నారు.

ఆమె ఓపిక పట్టలేదు. కుట్లు ఆరగానే ట్యూషన్ మొదలుపెట్టింది. కానీ బల్ల వైపు తిరిగితే చాలు, వెనక గుంపు గుంపంతా కబుర్లలో పడేది. ఇదివరకు వీపు చూపిస్తూనే ఆ గొంతుతో వాళ్ళను పట్టి ఉంచేది. ఇప్పుడు గొంతు లేదు, కళ్ళు గోడ వైపున్నాయి. పీట మీద నుంచి దిగి, వెనక్కి తిరిగి, చేత్తో బల్ల మీద కొట్టి, మళ్ళీ పీట ఎక్కి, ఇలా ఒక్కో లెక్కకూ అలసిపోయేది. ఒక ఇత్తడి గంట కొన్నది. పిల్లలకు అది ఆటైంది. తల్లిదండ్రులు మర్యాదగానే, "మిస్, మీరు రెస్టు తీసుకోండి" అంటూ పిల్లల్ని వేరేచోట చేర్చారు. నిండుగా ఉన్న హాల్లో ఒక చాప చాలేటంత మంది మిగిలారు.

ఆ రోజుల్లో ఒక ఆదివారం వెళితే హాలు కిటికీకి కొత్త రంగు కనిపించింది. ముదురు ఆకుపచ్చ. చూస్తే కళ్ళు గుంజే ఆకుపచ్చ. పెద్దాయన మార్కెట్‌కు వెళ్ళారు. మిస్ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది.

"ఆ కిటికీ చూసినావా?"

"చూశాను మిస్. కొంచెం ముదురుగా ఉంది."

"నాకు గూడా నచ్చలేదప్పా. బావ వాదిస్తాడని ఆ రంగు చెప్తిని. పచ్చ రంగంటే ఆయప్పకు చిన్నప్పట్నుంచీ పడదు. వాదించలేదు. సరే నువ్వు చెప్పిందే అనె. పోయి రంగు తెచ్చి తానే పూసె."

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఇప్పుడు ఏం చెప్పినా సరే అంటాడు. ఉప్మా చేస్తానంటే సరే. చెయ్యనంటే సరే. నేను చచ్చిపోయినట్ల చూస్తా ఉండాడప్పా."

ఆమె ఏడవలేదు. ఆ కిటికీ వైపు చూసి మొహం తిప్పుకుంది. నేను కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళాను.

ట్యూషన్ నిలబెట్టడానికి కంప్యూటర్ ఏమైనా పనికొస్తుందా అని మొదట అడిగింది పెద్దాయనే. ఆయన ఆలోచన సూటిగా ఉండేది. ల్యాప్‌టాప్ కొందాం, మిస్ లెక్క టైప్ చేస్తుంది, పిల్లలు తెర మీద చదువుకుంటారు. నేను నా ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆమెకు టైపింగ్ రాదు. వచ్చినా భిన్నం మీద భిన్నం, వర్గమూలం కింద వర్గమూలం టైప్ చెయ్యడం మాటలు కాదు. ఒక్క సమీకరణం పూర్తయ్యేసరికి కాఫీ చల్లారింది. ఆమెకు అంతకంటే చిరాకు తెప్పించింది వెనక్కి చెరిపే మీట. తప్పు పడ్డప్పుడు నేను దాన్ని నొక్కి చూపించాను. తెర మీద అక్షరం మాయమైంది. "ఏడ పాయె?" అని గుసగుసలాడింది. "చెరిగిపోయింది మిస్." మూత తనే దించేసింది.

ఆ సమయంలోనే మా ఆఫీసుకు పరీక్షించి చూడమని కొన్ని కొత్తరకం కంప్యూటర్లు వచ్చాయి. చూడ్డానికి ల్యాప్‌టాపే. కానీ తెర మధ్యలో ఒకే కీలు మీద గుండ్రంగా తిరుగుతుంది. తిప్పి కీబోర్డు మీద పడుకోబెడితే పలక అవుతుంది. దాంతో ఒక కలం ఇస్తారు, తెర మీదే రాయొచ్చు. మేనేజర్‌ను అడిగి శనివారం ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఆదివారం చామరాజపేట తీసుకెళ్ళాను.

మిస్ దాన్ని ఒడిలో పెట్టుకుంది. కలం పట్టుకుని, మొదట ఒక సున్నా చుట్టింది. తర్వాత ఒక పెద్ద భిన్నం. తర్వాత ఆగకుండా ఒక లెక్క మొత్తం, చివర కింద రెండు గీతలు. కలం తలకిందులు చేస్తే రాసింది తుడుచుకుపోతుందని చెప్పాను. ఆ చివరను చూసి, పెదవి విరిచి, "ఆ పక్క నాకొద్దు" అన్నట్టు చేత్తో సైగ చేసింది. ఒకచోట తప్పు రాసింది. గీత గీసి కొట్టేసింది. తెర మీద కొట్టివేత అలాగే నిలిచింది. దాన్ని చూసి ఎంత సంతోషపడిందో.

పెద్దాయన ఎదురుగా కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నారు. తెరను వేలితో కొంచెం కదిలించి చూశారు. కీలు దగ్గర వంగి, కళ్ళద్దాలు సర్దుకుని పరీక్షించారు. ఆయన మొహంలో ఏదో కదిలింది. నోరు తెరిచారు. మళ్ళీ మూసుకుని, "సరే. నీకేది కావాలంటే అది కొందాం" అన్నారు.

మిస్ కలం ఆపింది. తెర మీద కొత్త పేజీ తీయమని నాకు సైగ చేసింది. పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, మూత లేపి, తెరను ఆయన వైపు గిర్రున తిప్పింది.

"ఇది వద్దని నీ కడుపులో ఉండాది. చెప్పు."

ఆయన చదివి నవ్వబోయారు. "వద్దని ఏం లేదు..."

ఆమె తెర లాక్కుని, కింద ఇంకో వాక్యం రాసి, మళ్ళీ తిప్పింది.

"చెప్పకపోతే ఏదీ కొనేది లేదు. ట్యూషన్ మూసేస్తా. గొంతు నాది పోయె, నీది ఎవరు తీసుకున్నారు?"

పెద్దాయన ఆ వాక్యం రెండుసార్లు చదివారు. నేను కిటికీ వైపు చూశాను, ఆ ఆకుపచ్చ రంగు చూడలేక నేల వైపు చూశాను. అప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"చెప్పాల్నా? అయితే విను. ఇది నిలిచే మిషన్ కాదు. మామూలు ల్యాప్‌టాప్‌కి రెండు పక్కలా రెండు కీళ్ళుండాయి, బరువు పంచుకుంటాయి. దీనికి నడిమధ్యన ఒక్కటి. తల మొత్తం ఒక్క మెడ మీద నిలబెట్టి గిరగిరా తిప్పతా ఉండారు. నువ్వు రాసేటప్పుడు ఒత్తి రాస్తావు. చాక్‌పీసులు విరిచేదానివి నువ్వు. రెండేండ్లకు తల ఊగతాది."

మిస్ కళ్ళు మూసుకుని తల వంచింది. ఆ భంగిమ చూసి ఎన్నాళ్ళైందో.

"ఇంగొకటి. కలం పోతే? ఇంట్లో నీ కళ్ళద్దాలే రోజూ వెతుకుతా ఉండాను. ఆ కలం పోతే ఈ మొత్తం మిషన్ సుమ్నే, ఉత్త పలక. కీబోర్డు పోయేది లేదు, దాన్ని ఎవరూ జేబులో పెట్టుకోని పోరు. అదీగాక పాడైతే రిపేరు ఎవరు చేస్తారు? ల్యాప్‌టాప్ అయితే ఏ వీధికి పోయినా ఒకడుంటాడు."

ఆమె కళ్ళు తెరిచింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది. రాయడం మొదలుపెట్టింది. తెర తిరిగింది.

"కీబోర్డులో పైథాగరస్ ఏడుండాడు?"

"నేర్చుకోవచ్చు. ఏదైనా నేర్చుకునేదే గదా."

తెర తిరిగింది. "నేను నేర్చుకునేలోపల పిల్లోళ్ళు పెండ్లి చేసుకుంటారు."

"కలానికి దారం కట్టాల అయితే."

"కడతా. నీకు గూడా కడతా."

"హాస్యం వద్దు. కీలు సంగతి చెప్పు."

"మెల్లగా తిప్పతా."

"నువ్వా? మెల్లగానా? నువ్వు ఇప్పుడు తిప్పతా ఉండావే, ఇది మెల్లగానా? ఇట్ల చూడు, నీకు అర్థం కాలేదు" అని పెద్దాయన ఆమె చేతిలో కలం లాక్కున్నారు. తెరను పడుకోబెట్టి తన ఒడిలోకి తీసుకున్నారు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన చెయ్యి అది. కీలును నిలువునా కోసి చూపించినట్టు బొమ్మ గీశారు. నడుమ ఇరుసు, చుట్టూ ఉంగరం, వైరు పోయే దారి, బరువు పడే చోట బాణం గుర్తులు. ఒక గీత వంకర పోతే కొట్టేసి పక్కన మళ్ళీ గీశారు. "ఈడ. ఈడ అరగతాది. కనపడిందా?"

మిస్ బొమ్మ వైపు చూడలేదు. ఆయన చేతిలో కలం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతోంది. శబ్దం లేదు, ఊపిరి మాత్రమే, కానీ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనే ఉన్న నా ల్యాప్‌టాప్‌ను వేలితో చూపించి, గాలిలో బొమ్మ గీస్తున్నట్టు చేసి, "దాంట్లో గీసి చూపించు" అన్నట్టు ఆయన వైపు చెయ్యి చాచింది.

పెద్దాయన కలం వైపు చూసుకున్నారు. బొమ్మ వైపు చూసుకున్నారు.

"బొమ్మ గీసినంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదు" అన్నారు.

"ఒప్పుకోవద్దు" అని ఆమె పెదాలు కదిపింది. అది నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ సాయంత్రం ఇంకా చాలాసేపు సాగింది. బ్యాటరీ అయిపోయి తెర ఆరిపోతే, తీగ పెట్టుకుని మరీ కొనసాగించారు. నేను ఇంటికి బయల్దేరుతుంటే పెద్దాయన వీధి చివరి దాకా వచ్చారు. బస్సు వచ్చాక, "వాదిస్తే ఆమెకు నొప్పి కలుగుతాదేమో అని భయపడితినప్పా" అన్నారు.

మా ఆఫీసుకు ఆ మిషన్లు ఇచ్చిన డీలరు ద్వారానే ఒకటి తెప్పించాం. ఎవరో పారేసిన పాత డబ్బా మానిటర్ ఒకటి నేను తీసుకెళ్ళాను. దాన్ని స్టూలు మీద పిల్లల వైపు తిప్పి పెట్టి, పలకకు వైరు కలిపితే ఆమె ఒడిలో రాసేది వాళ్ళ ఎదుట కనపడుతుంది.

మొదటి రోజు నేను కూడా ఉన్నాను, వైర్లు సరిచూడ్డానికి. మిగిలిన కొద్దిమంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. మిస్ గోడకు వీపు పెట్టి, కుర్చీలో, వాళ్ళకు ఎదురుగా కూర్చుంది. రాయడం మొదలుపెట్టింది. పిల్లలు అలవాటు ప్రకారం గుసగుసలు మొదలుపెట్టి, తలెత్తి చూస్తే ఆమె కళ్ళు నేరుగా వాళ్ళ మీదే ఉన్నాయి. చెయ్యి రాస్తోంది, కళ్ళు చూస్తున్నాయి. ఇన్నేళ్ళ పాఠాల్లో రాస్తున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో ఏ పిల్లా చూడలేదు. ఒక్కొక్కరే సర్దుకున్నారు.

మార్కెట్‌లో పూలు కట్టే ఆమె కూతురు ఒకతి మాత్రం పక్కపిల్లతో ఇంకా ఏదో చెబుతోంది. మిస్ రాస్తున్న లెక్క ఆపలేదు. దాని పక్కనే, అదే వరుసలో, కన్నడలో ఒక మాట రాసింది: "ఆ కథ తర్వాత నాకు గూడా చెప్పు. ముందు ఈ మైనస్ ఎటు పోయిందో చెప్పు." హాలంతా నవ్వింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది, కానీ లేచి చెప్పింది. మిస్ పలకను ఆమె ఒడిలో పెట్టి కలం ఇచ్చింది. పిల్ల రాసింది, లెక్క తప్పింది, తుడవడానికి దిక్కులు చూసింది. మిస్ ఆమె చెయ్యి పట్టుకుని తప్పు మీదుగా ఒక గీత గీయించింది. రెండోసారి లెక్క కుదిరింది. తన చేతిరాత మానిటర్‌లో వెలుగుతుంటే ఆ పిల్ల దాన్ని చూసుకుంటూ కలం తిరిగి ఇవ్వడం మరిచిపోయింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన, "ఈ వైరు పిల్లోళ్ళ కాళ్ళకు తగల్తాది. ల్యాప్‌టాప్ అయితే ఈ గోల లేదు" అన్నారు అందరికీ వినపడేలా. మర్నాడు ఆయనే వైరు మీద చెక్కపెట్టె కట్టారు.

చాప పక్కన మళ్ళీ చాప పడింది. పోయిన పిల్లలు కొందరు తిరిగొచ్చారు, కొత్తవాళ్ళూ వచ్చారు. మానిటర్‌లో రాత వస్తుందట అని చూడ్డానికి వచ్చి ఉండిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. గొంతుకు వ్యాయామాలు నేర్పే ఒక డాక్టరమ్మ దగ్గరికి పెద్దాయన ఆమెను వారం వారం తీసుకెళ్ళారు. మొదట కీచుమనే శబ్దం, తర్వాత బొంగురు మాట, కొన్ని నెలలకు ఒక గది దాకా వినిపించే గొంతు వచ్చాయి. పాత గొంతు రాలేదు. ఈ కొత్త గొంతును ఆమె తొందరగానే వాడుకలో పెట్టింది. కిటికీకి మళ్ళీ రంగు మారింది. దాని మీద జరిగిన వాదనకు నేను లేను, విన్నాను.

కీలు నిజంగానే ఊగింది, ఆయన చెప్పినంత త్వరగా కాకపోయినా. ఆ రోజు పెద్దాయన నాకు ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పారు. తర్వాత అల్యూమినియం పట్టీ ఒకటి చేసి బిగించారు.

ఇంకొక మార్పు మాత్రం మిస్ చెప్తే గానీ నాకు తెలియలేదు. మధ్యాహ్నం ఆమె నిద్రపోయే వేళ పెద్దాయన ఆ పలక తీసుకుని బొమ్మలు గీసేవారట. మొదట మిషన్ భాగాలు. తర్వాత గోడ మీద కాకి, ఎదురింటి మేడ, నిద్రపోతున్న మిస్. "నా ముక్కు ఇంత లావుగా ఉండాదా అప్పా?" అని ఆమె నాకు ఒక బొమ్మ చూపించింది. ముక్కు సంగతేమో గానీ, బొమ్మలో ఆమె కొప్పు, కొప్పులో చాక్‌పీస్ చక్కగా కుదిరాయి.

ఆ దశాబ్దం ముగిసే రోజుల్లో ఆ కంప్యూటర్ ఇక లేవలేదు. తెర నల్లగా ఉండిపోయింది. కొత్తది కొనడానికి ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. బల్ల మీద వరసగా ల్యాప్‌టాపులు. ఒక మూల మాత్రం మూత తిరిగే రకం ఒకటి ఉంది. నేను నేరుగా దాని దగ్గరికి నడిచాను. మిస్ నాతో రాలేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్ ముందు నిలబడింది.

"నాకు ఇది చాలప్పా" అంది బొంగురు గొంతుతో. "నా లెక్కలన్నీ ఒక పుస్తకంగా చేయాలనుకుంటిని. టైప్ చేసేది నేర్చుకుంటా ఉండాను. పిల్లోళ్ళకు చెప్పేకి ఇప్పుడు గొంతుండాది, బల్లుండాది."

"అది వద్దు" అన్నారు పెద్దాయన. "దాంట్లో కలం లేదు."

మిస్ ఆయన వైపు తిరిగింది. "కీలు ఊగతాది అంటివి."

"ఊగితే పట్టీ వేస్తాను. వేసినాను గదా."

"కలం పోతాది అంటివి."

"ఒక్కసారన్నా పోయిందా? నా జేబులోనే ఉండాది" అని ఆయన చొక్కా జేబులోంచి పాత మిషన్ కలం తీసి చూపించారు. "కీబోర్డుతో కాకి బొమ్మ గీసి చూపించు, అప్పుడు కొందాం."

"కలంతో రెండొందల పేజీల పుస్తకం రాసి చూపించు."

దుకాణదారు మొదట నవ్వాడు. తర్వాత ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. మిస్ కళ్ళు మూసుకుని వింటోంది, పెద్దాయన వేళ్ళు మడుస్తూ చెబుతున్నారు. లోపలికి వచ్చిన ఒక కుర్రజంట తమ కొనుగోలు సంగతి మరిచిపోయి పక్కనే నిలబడి వినసాగింది. చివరికి దుకాణదారు, పాపం, మంచికే కల్పించుకున్నాడు. "మేడమ్, సార్, ఒక్క నిమిషం. ఆ మూలది ఉండాదే, దానికి కీబోర్డూ ఉండాది, కలమూ ఉండాది. మీరు టైప్ చేసుకోండి, సార్ బొమ్మలు వేసుకోనీ. ఇద్దరికీ అదే సరిపోతుంది గదా."

ఇద్దరూ మాట ఆపి అతని వైపు చూశారు. ఇంతసేపూ ఇంత చక్కగా సాగుతున్నదాన్ని చెడగొట్టినవాణ్ణి చూసినట్టు చూశారు. కాదనడానికి మాత్రం ఏమీ దొరకలేదు. అదే కొన్నాం.

బయటికొచ్చి ఆటో పిలిచాను. పెట్టెను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఎక్కారు. డ్రైవర్ ఎక్కడికని అడిగాడు. వాళ్ళకు వినిపించలేదు.

"పొద్దున పూట నాది" అంటోంది మిస్. "పొద్దున్నే బుర్ర బాగా పనిచేస్తాది, అప్పుడే టైప్ చేస్తాను."

"పొద్దున ఎట్ల? వెలుతురు పొద్దునే బాగుంటాది. బొమ్మలకు వెలుతురు కావాల."

"నీ కాకి మధ్యాహ్నం గూడా వస్తాది."

"మధ్యాహ్నం నీడ వేరే పడతాది. నీకు ఏం తెలుసు?"

"చామరాజపేట" అని నేనే డ్రైవర్‌కు చెప్పాను. ఆటో కదిలింది. వెనక చిన్న కిటికీలోంచి రెండు తలలూ ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉండటం మలుపు దాకా కనిపించింది. పొద్దున పూట ఎవరిదో ఇంకా తేలలేదు.